నిన్నటి పులుసు

వైన్ గురించి నేను చుక్క తాగకుండానే నేర్చుకున్నాను, మా నార్సింగి దగ్గర గ్రంథాలయంలో. బడి చదువు పదితో ఆగింది. మిగతాదంతా అక్కడి బల్ల ముందు కూర్చుని సంపాదించుకున్నదే. అందుకే కోకాపేట టవర్ల మధ్య మైదానంలో కోస్తా వంటల పండుగ పెడుతున్నారని, వైన్, మామిడి బీరు కూడా ఉంటాయని తెలిసినప్పుడు మా ఆవిడకంటే ఎక్కువ ఆరాటపడింది నేనే.

ఆమెది గోదావరి వైపు. రాయదుర్గంలో ఒక హాస్టల్‌లో వంట చేస్తుంది, తెల్లవారకముందే వెళ్ళాలి. పండుగలో మేమూ ఒక స్టాల్ తీసుకున్నాం; అది బాగా నడిస్తే ప్రతి శనివారం అక్కడే చోటిస్తామన్నారు. చోటు దొరికితే హాస్టల్ మానేయొచ్చు. మేం కోరుకున్నది అంతే.

శుక్రవారం సాయంత్రమే చేపల పులుసు వండింది. గరిటె పెట్టకుండా, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పుతూ. శనివారం మైదానంలో మూత తీయగానే నిర్వాహకురాలు వచ్చింది. మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ.

"ఆంటీ, ఇది నిన్న వండారా? మా దగ్గర అన్నీ ఫ్రెష్‌గా ఉండాలండీ."

"ఇవాళ వండితే ముక్కకి పులుపు పట్టదమ్మా. ఒక రాత్రి ఊరితేగానీ అది పులుసవదు."

నేను ఆగలేకపోయాను. "పక్క టేబుల్ మీద సీసాలు ఏండ్ల కిందటివి గదా మేడం. గవి పాతవైతే గొప్ప, మాది ఒక్క రాత్రి పాతదైతే తప్పా?"

"అంకుల్, అది వైన్!"

"గిది చింతపండు. పులుపుల ఊరింది జల్ది పాడుగాదు. చదివిన."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. "సరే, నిన్నటిదని బోర్డు మీద రాయండి. ఎవరైనా కంప్లైంట్ చేస్తే మాత్రం స్టాల్ తీసేస్తాం."

నేను ఒక మూలన చిన్నగా రాశాను. మా ఆవిడ అది తుడిచేసి, బోర్డు నిండా 'నిన్నటి పులుసు' అని రాసింది.

ఆఫీసు పిల్లలు బీరు గ్లాసులతో వచ్చి చదివారు. "బ్రో, నిన్నటిదంట!" అని నవ్వుకుంటూ పోయారు. నేను వైన్ టేబుల్ దాకా వెళ్ళడం, తిరిగి రావడం. అక్కడతను సీసా తెరిచి, కాసేపు ఆగితే రుచి తేరుకుంటుందని ఎవరికో చెబుతున్నాడు. అతన్ని చెయ్యి పట్టుకుని మా బోర్డు ముందుకు లాక్కురావాలనిపించింది.

"ఏవండీ, ఒకచోట నిలబడండి. మిమ్మల్ని చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

అప్పుడు ఒక పెద్దావిడ బోర్డు దగ్గర ఆగింది. "నిజంగా నిన్నటిదేనా అమ్మా?" అని అడిగి, నిలబడే రెండు ముద్దలు తిని, ఫోన్ తీసింది. "ఒరేయ్, బీరు తర్వాత తాగుదువుగానీ. ముందు అందరూ ఇటు రండి."

సాయంత్రానికి గిన్నె ఖాళీ. నిర్వాహకురాలు మళ్ళీ వచ్చింది.

"ఆంటీ, మీకు ప్రతి శనివారం చోటు ఇచ్చేయొచ్చు. ఆ 'నిన్నటి' ఒక్కటీ తీసేయండి, బోర్డు మీద బాలేదు."

"అది చూసే కదమ్మా వచ్చారు. తీసేస్తే ఏం చూసి వస్తారు?"

"మా సార్‌ని అడిగి ఫోన్ చేస్తానండీ."

స్కూటర్ మీద ఇంటికి వస్తూ అన్నాను: "జర ఒప్పుకుంటే ఏం పోతుండె?"

"వైన్ గురించి అంత వాదించింది మీరే కదండీ," అంది వెనక నుంచి, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని.

వారమంతా ఫోన్ రాలేదు. ఆమె రోజూ చీకటితోనే హాస్టల్‌కి వెళ్ళొచ్చింది. నేను చదువుదామని గ్రంథాలయంలో కూర్చుని, ఒకే పేజీని తిప్పకుండా చూసి చూసి లేచి వచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం దాటింది. శనివారం పొద్దున ఫోన్ వస్తే, అప్పుడు వండి లాభం లేదు. ఆమె హాస్టల్ నుంచి వస్తూ చేపలు తెచ్చి, చింతపండు నానబెట్టి, పొయ్యి వెలిగించింది.

ఇప్పుడు గిన్నె దించి మూత పెట్టేసింది. ఫోన్ పక్కనే గట్టు మీద ఉంది. నేను గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాను.

"మూత తీశారంటే ఊరుకోను."

"ఫోన్ చూస్త, అంతే."

"అదీ వద్దు. రెండిటినీ కదపకండి."

మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాను.