చెమట పట్టిన రాగి వంపు

పోయిన నెల మోకాళ్ల మందు కోసం రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయి, ఎండకు తాళలేక ఒక కంప్యూటర్ల అంగడి ముందు నీడలో నిలబడ్డాను. అద్దాల వెనక ఒక పెట్టె పెట్టి ఉంది. దాని పొట్ట కూడా అద్దమే, లోపల నల్లటి గొట్టాలు, వాటి పక్కన నీలం దీపాలు గిరగిరా తిరుగుతున్నాయి. ఇదేమప్పా అని అడిగితే అంగడాయన, “నీళ్లతో చల్లబరిచేదమ్మా, కంప్యూటర్ కాగకుండా. డబ్బాలోనే వస్తాది, స్క్రూలు బిగిస్తే అయిపోయె” అన్నాడు. స్క్రూలు బిగిస్తే అయిపోతుందంట! మందు సంగతి మరిచిపోయి ఆ అద్దానికి ముఖం ఆనించి నేను అంతసేపు ఎందుకు నిలబడిపోయానో ఆయనకేం తెలుసు. ఇంటికి వచ్చినాక కూడా మనసు కుదురు కాలేదు. నాకు సంతకం పెట్టే వరకే చదువు కాబట్టి, నేను చెప్తుంటే పక్కింటి కోడలు ఇదంతా రాసి పెడుతోంది. మైన్స్ లైన్ ఇళ్లలో కాపురాలు చేసిన నా ఈడు ఆడవాళ్లకు ఇందులో కొంతైనా తమ కథ కనిపిస్తుందని నా ఆశ.

మా ఆయన పని, బంగారు గనిలోకి చల్లగాలి పంపే ప్లాంటులో. మనవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్లు నమ్మరు. భూమి లోపలికి దిగేకొద్దీ చల్లగా ఉంటుందనుకుంటారు. అక్కడ రాయి పెనం మాదిరి కాలుతూ ఉంటుంది, మనిషి ఊరకే నిలబడినా ఒళ్లంతా నీళ్లు కారిపోతాయి. అందుకని పైన పెద్ద మిషన్లతో నీళ్లను చల్లార్చి, ఆ చలువను గాలికి ఎక్కించి కిందికి తోసేవాళ్లు. ఆ నీళ్లు పోయే పైపులకంతా గోనెపట్టా, తారూ చుట్టి, వంపు తిరిగే చోట మాత్రం జానెడు రాగిని బోసిగా వదిలేసేవాళ్లట. షిఫ్టుకు వచ్చినవాడు ముందు మీటరు చూడడు, ఆ వంపు మీద అరచెయ్యి పెడతాడు. చల్లటి రాగికి చెమట పట్టి చెయ్యి తడిస్తే కింద మనుషులు క్షేమం. పొడిగా ఉంటే పరుగెత్తాల్సిందే. ఆ అలవాటు ఆయన చేతికి ఎంతగా పట్టిందంటే, ఇంట్లో నీళ్ల కుండ పక్కనుంచి పోతూ కూడా దాని పొట్టను ఒకసారి తాకి పోయేవాడు. నేనేమో కుండకు దిష్టి పెడుతున్నాడని నవ్వేదాన్ని.

ప్లాంటులోకి మారకముందు కొన్నేళ్లు ఆయన కింద రాయి కొట్టే చోటే పని చేశాడు. అప్పుడు పీల్చిన దుమ్ము, మైన్స్ మూసేసిన తర్వాత దగ్గై బయటపడింది. మీకూ గుర్తుండే ఉంటుంది, సైరన్ మోగడం ఆగిపోయిన తర్వాత మన మగవాళ్లు ఎలా అయిపోయారో. చేతనైనవాళ్లు బెంగుళూరు రైలెక్కారు, చేతకానివాళ్లు అరుగు మీద కూర్చున్నారు. మా ఆయన కొన్నాళ్లు సైకిలేసుకుని ఫ్రిజ్‌లు బాగుచేసి వచ్చేవాడు గానీ, మిట్ట ఎక్కేటప్పటికి ఊపిరి ఆడక సైకిల్ పట్టుకుని రోడ్డు పక్కనే నిలబడిపోయేవాడట. ఆ సంగతి కూడా ఎవరో చెబితే తెలిసింది నాకు. తర్వాత సైకిల్ గోడకు చేరింది, ఆయన అరుగుకు చేరాడు. దగ్గొచ్చినప్పుడు వీపు రాయడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. రాసీ రాసీ నా అరచెయ్యి అరిగిందే గానీ ఆయన రొమ్ములో బరువు రవ్వంత కూడా కదల్లేదు.

మాకు ఒక్కడే కొడుకు. రోజూ పొద్దున రైలుకు బెంగుళూరు పోయి, ఒక కంప్యూటర్ల రిపేరు అంగట్లో పని చేసేవాడు. వాళ్లు పారేసిన ముక్కలు ఒకటొకటిగా తెచ్చుకుని, ఇంట్లో తన కోసమని ఒక కంప్యూటర్ నిలబెట్టుకున్నాడు. దానికి డబ్బా కూడా లేదు, మదర్‌బోర్డంట, పచ్చటి పలక ఒకటి చెక్క మీద వెల్లకిలా పడి ఉండేది. ఒకరోజు ఇంటికి వచ్చీ రాగానే బూట్లు కూడా విప్పకుండా అరుగు మీద వాళ్ల నాయన పక్కన కూర్చున్నాడు. బెంగుళూరులో ఒక కంపెనీ పోటీ పెట్టిందట. ఎవరి ఇంట్లో వాళ్లు కంప్యూటర్ని దాని తాహతుకు మించి పరుగెత్తించాలి, ఆదివారం మధ్యాహ్నం ఒక గంట సేపు అది నిలిచిపోకుండా ఉండాలి, కంపెనీవాళ్లు కెమెరాలో చూస్తుంటారు, నిలబడినవాళ్లను పిలిచి పని ఇస్తారు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. ఆ మాట ఇన్నేళ్లకు కూడా నా నోట్లో సరిగా తిరగదు.

“పరిగెత్తిస్తే కాగిపోతాది నాయనా, కాగితే అదే నిలిచిపోతాది. ఫ్యాను చాల్లేదు” అన్నాడు మావాడు.

“యాడ కాగుతాది, చూపియ్యి” అని ఆయన లేచి లోపలికి పోయాడు. బొటనవేలి గోరంత ముక్కను చూపించి ఇదే అంటే, ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “ఇంత దానికి ఇంత కాకా! దీనికి చలువ నేను దింపుతా లేప్పా” అన్నాడు.

ఆ మాట విని నేను వంటింట్లోనే చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. గని మూసినప్పటి నుంచి కొడుక్కి నేనేమీ ఇవ్వలేకపోతిని అనేదే ఆయన దిగులు. తన తండ్రి తనను చెయ్యి పట్టుకుని గనిలో పనికి చేర్చాడు, తాను మాత్రం కొడుకుని రైలు గుంపులోకి తోసేశానని దగ్గుల మధ్య అనుకుంటూ ఉండేవాడు. ఇప్పుడు తన చేతిపని కొడుక్కి పనికొచ్చింది. ఈ ఒక్కటీ నెరవేరితే చాలు స్వామీ, ఇంకేమీ అడగను అని దీపం పెట్టిన ప్రతిసారీ మొక్కుకున్నాను.

పాతసామాన్ల అంగట్లో కిటికీకి పెట్టే ఏసీ ఒకటి దొరికితే మావాడు దాన్ని గోనెసంచిలో చుట్టి రైల్లోనే మోసుకొచ్చాడు. సంచిలో ఏముంది, మేకా అని రైలు డబ్బాలో అందరూ ఎగతాళి చేశారట. మా ఆయన దాని రేకు చొక్కా విప్పి, గ్యాసు పోకుండా, రాగి గొట్టాలు నలగకుండా, చల్లబడే చుట్టను రవ్వ రవ్వగా వంచుతూ బయటికి తీశాడు. ఆ వంచడానికే చాలా రోజులు పట్టింది. తొందరపడితే రాగి విరిగిపోతుంది, పిల్లకు జడ వేసినట్టు వెయ్యాలి అనేవాడు. చేపలమ్మి దగ్గర తెచ్చిన థర్మోకోల్ పెట్టెలో ఆ చుట్టను ముంచి, నీళ్లూ, గడ్డ కట్టకుండా లారీ రేడియేటర్లో పోసే పచ్చటి మందూ కలిపి పోశారు. ఆ చల్లనీళ్లు ఒక చిన్న పంపు తోస్తే గొట్టంలో పోయి, ఆ వేడి ముక్క మీద కూర్చోబెట్టిన రాగి బిళ్లను తాకి, మళ్లీ పెట్టెలోకి రావాలి. ఆ బిళ్లను ఆకురాయితో అరగదీసి అద్దం చేశాడు ఆయన. అందులో నా ముఖం చూసుకుని బొట్టు కూడా దిద్దుకున్నాను.

గొట్టాలు ఎక్కడైనా కారుతున్నాయా అని చూడాలంటే ఒక కొస నీళ్లలో ముంచి ఇంకో కొస నుంచి ఊదాలి. ప్లాంటులో ఆ పని ఆయనే చేసేవాడట. ఇప్పుడు ఊదబోయి, సగంలోనే గోడ పట్టుకున్నాడు. కాసేపు గొట్టం వంక చూసి, “ఇట్ల రా, నువ్వు ఊదు” అని నా చేతికిచ్చాడు. నేను బుగ్గలు పగిలేటట్టు ఊదుతుంటే ఆయన బకెట్లోకి వంగి బుడగలు చూసేవాడు. అది చూసి మా పెద్ద తోటికోడలు గుమ్మంలోనే నిలబడి, “ఏమి మరిదీ, ఇంట్లోనే ఐస్ ఫ్యాక్టరీ పెట్టేసినావా? మాకూ ఒక గడ్డ ఇయ్యి, మజ్జిగలో ఏసుకుంటాము” అంది. “ఇస్తాలే వదినా, ముందు నీ నోట్లో పెట్టుకో, రవ్వంత చల్లారుతాది” అన్నాడాయన. ఎన్నేళ్లయిందో ఆయన నోట హాస్యం విని! ఆవిడ తిట్టుకుంటూ పోయింది గానీ, వీధి మలుపు దాకా నవ్వుతూనే పోయింది.

గొట్టం పలక మీదికి దిగే చోట ప్లాస్టిక్ నలిగిపోతోందని, అక్కడ ప్లాంటులో మాదిరే ఒక రాగి వంపు వేశాడు. గొట్టానికంతా పాత కంబళి ముక్కలు చుట్టాడు, వంపును మాత్రం బోసిగా వదిలాడు. “దాన్నీ చుట్టేస్తే బాగుంటాదేమో నాయనా” అన్నాడు మావాడు. “చుట్టేస్తే చలువ దిగేది యాడ తెలుస్తాది? చెయ్యి పెట్టి చూడాలంటే అది బోసిగా ఉండాల” అన్నాడు ఆయన. ఆయన గొంతులో అంత నమ్మకం విని చాలా రోజులయిందేమో, మావాడు చేతిలో కంబళి ముక్క పక్కన పెట్టేశాడు.

మంచి ఎండాకాలంలో ప్రతి ఆదివారం నడిపి చూశారు. ఏసీ గుండె గుర్రుమనేది, పంపు గుటకలు వేసేది, ఆ ముక్క మాత్రం కాగకుండా పరుగెత్తేది. మావాడు అంకెలు చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. గాలి అంత పొడిగా ఉండేది కాబట్టి వంపు చల్లగా తగిలేదే గానీ తడిసేది కాదు. అదొక్కటే ఆయనకు వెలితి. ఇంకా చెమట పట్టలేదు, చలువ ఇంకా పూర్తిగా దిగలేదు అని గొణిగేవాడు.

పోటీ రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి, మధ్యాహ్నానికి వాన దిగింది. కరెంటు పోతుందేమోనని భయపడి, పోవద్దు తల్లీ అని గోడ మీద మీటరుకు కూడా దండం పెట్టాను. కరెంటు పోలేదు. కిటికీలోంచి తేమ గాలి చల్లగా లోపలికి వస్తుంటే ఒళ్లంతా హాయిగా అనిపించింది. మిషన్ నడుస్తోంది, మావాడు తెర వంక రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు, ఆయన స్టూలు మీద కూర్చుని వంపు మీద అరచెయ్యి పెట్టాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగిపోయింది. చెయ్యి తీసి నాకు చూపించాడు, అరచెయ్యంతా తడి. “చూస్తివా! పట్టింది, చెమట పట్టింది!” అన్నాడు. నేనూ పోయి ముట్టుకున్నాను, చల్లగా, కుండ పొట్ట మాదిరే. రాగి మీద ముత్యాలు కట్టినట్టు నీటిబొట్లు. అవి ఒకదానితో ఒకటి కలిసి, బరువై, కింద ఉన్న పచ్చ పలక మీదికి జారుతుంటే నేను చూశాను. చూస్తూ సంతోషించాను. అది మంచి గుర్తు అనే కదా నా కాపురమంతా విన్నాను.

టప్పుమని చిన్న చప్పుడు, కాలిన వాసన. తెర నల్లబడిపోయింది. ఏసీ మాత్రం గుర్రుమంటూనే ఉంది.

మావాడు చెయ్యి చాచి దాన్ని ఆపాడు. వాడు పలక మీద తడిని, పైన ఉన్న వంపును, తర్వాత వాళ్ల నాయన తడి చేతిని చూశాడు. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు, “ఏమాయె అప్పా? చలువ బాగానే దిగింది గదా?” అని. వాడు, “నీ మిషన్ బాగుండాది నాయనా. పలకే పాతది, ముందే చచ్చిందాన్ని తెచ్చి పెట్టింటి. అదే పోయె” అన్నాడు.

“అట్లనా... చెమట పట్టె గదా?”

“పట్టె నాయనా. బాగా పట్టె.”

ఆ తర్వాత పెరట్లో నేను గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. గనిలో ఆ చెమట నేల మీద కారి కాలువలో పోయేది, ఇక్కడ కరెంటున్న పలక మీద కారింది, అంతే. చెప్పొద్దమ్మా అన్నాడు. ఎవరికి చెప్తాను? ఆ కంపెనీ నుంచి పిలుపు రాలేదు, వాడు మళ్లీ పొద్దున రైలుకే పోయాడు. వాడి మొలకు రాయి కట్టినట్టు నడిచి పోతుంటే గుమ్మంలో నిలబడి చూడటమే నా వంతయింది.

కొన్నాళ్లకు, వాడు పనికి పోయిన ఒక మధ్యాహ్నం, ఆయన మూలనున్న మిషన్ దగ్గరికి నిదానంగా పోయాడు. నా పాత చీర ముక్క చించి, ఆ బోసి రాగి వంపుకు గట్టిగా, సందు లేకుండా చుట్టాడు. దారంతో ముడి వేశాడు. వేసి, దాని మీద ఒకసారి చెయ్యి ఆనించి, వచ్చి పడుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. నేనేదో అనబోతే, “వానికి చెప్పొద్దులే, నాకు తెలిసిందని తెలిస్తే ఇంగా బాధపడతాడు” అన్నాడు. ఆ చలికాలం దాటలేదు ఆయన. కొడుకు తండ్రి దగ్గర దాచాడు, తండ్రి కొడుకు దగ్గర దాచాడు, ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ నడిమధ్యన నేను నోరు కుట్టుకుని తిరిగాను.

మావాడికి తర్వాత వేరే చోట మంచి పనే దొరికింది. కంప్యూటర్లు వరసలు వరసలుగా పెట్టిన పెద్ద హాలు, వాటికి నేల కింది నుంచి చల్లగాలి తోస్తారట, అది తగ్గకుండా చూసుకోవడం వాడి పని. మనుషులు లోపలికి పోవాలంటే స్వెట్టర్ వేసుకోవాలట. ఆ కాలంలో చలువంతా మనిషి కోసం దింపేవాళ్లు, మనిషి బతికున్నాడా అని చెయ్యి పెట్టి చూసేవాళ్లు. ఇప్పుడు మనిషి చలికి వణుకుతూ పక్కన నిలబడతాడు, చలువ మిషన్‌కు పోతుంది. మంచిదో చెడ్డదో నాకు తెలియదు. వాడు ఇప్పటికీ నా దగ్గరే ఉండి రోజూ రైల్లో పోయి వస్తాడు. భోజనానికి కూర్చున్నప్పుడు, మీ నాయనకు తెలుసురా, తెలిసే నీ అబద్ధాన్ని పట్టుకుని పోయినాడు అని చెబుదామని గొంతు దాకా వస్తుంది. అంతలో వాడు తలెత్తి మాత్ర వేసుకున్నావా అమ్మా అంటాడు. వేసుకున్నా నాయనా అంటాను.