చప్పిడి పథ్యం

1944 వేసవి చివర్లో నన్ను అనకాపల్లి ఆసుపత్రికి సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరు పొడుగే గాని హోదా చిన్నది. పూర్తి డిగ్రీ చదివినవాళ్ళు అసిస్టెంట్ సర్జన్లు, నాలాగా ఎల్.ఎం.పి. చదివినవాళ్ళు వాళ్ళ కింద సబ్. పొద్దున్న ఓపీ చూడడం, వార్డు తిరగడం, సాయంత్రం కట్లు మార్పించడం నా పని. యుద్ధకాలం కావడంతో క్వినైన్ కూడా ఆచితూచి ఇచ్చేవాళ్ళం. నాకు ముక్కుమీద కోపమన్న పేరు అక్కడే వచ్చింది. అది అన్యాయంగా వచ్చిన పేరని నేను అనను.

ఆ వానాకాలంలో పూడిమడక నుంచి ఒక మత్స్యకారుణ్ణి బస్సులో తీసుకొచ్చారు. పెట్రోలు దొరక్క బొగ్గు వాయువుతో నడిపే బస్సులవి. దిగేసరికి మసి పట్టి రోగికీ వెంట వచ్చినవాళ్ళకీ ఒకే రంగు ఉండేది. మనిషి పేరు ఎర్రయ్య, ముప్ఫై దాటి ఉంటాయి. వెంట భార్య పోలమ్మ, తల్లి గురువులమ్మ. కొన్ని నెలలుగా చిక్కి సగమయ్యాడు. తిన్నది ఇమడదు, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి, తెడ్డు పట్టే సత్తువ లేదు. పైగా రోజురోజుకీ నల్లబడిపోతున్నాడు.

"పేరు ఎర్రయ్య, మడిసి నల్లయ్య. మా బావలంతా ఇదే మాటని ఆటాడిత్తన్నారు బాబూ" అని తనే నవ్వాడు.

ఎండలో వేటకు పోయేవాడు నల్లబడడం వింత కాదు. కాని నోరు తెరవమంటే చిగుళ్ళ మీద సిరా మరకల్లాంటి మచ్చలు కనిపించాయి. అరచేతి గీతలు నల్లగా ఉన్నాయి. మొలతాడు కింద చర్మమూ నలుపే, ఎండ అక్కడిదాకా పోదు కదా. రక్తపోటు చూస్తే పాదరసం పైకి లేవడానికే బద్ధకించింది. కొన్నేళ్ళ కిందట క్షయ దగ్గు వచ్చి తగ్గిందని తల్లి చెప్పింది. ఏం తింటున్నాడని అడిగితే పోలమ్మ కాస్త సిగ్గుపడుతూ జవాబిచ్చింది. "అన్నం సూత్తే మొగం తిప్పేత్తాడు బాబూ. నా ఉప్పుసేపల గంప అడుగున రాలిన ఉప్పు ఏరుకుని తింటన్నాడు."

ఆ మాటతో నాకు చదువుకున్న పాఠం గుర్తొచ్చింది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, అధివృక్క గ్రంథులంటారు. వాటికి గొట్టాలుండవు. తమలో తయారైన హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదులుతాయి. హార్మోనంటే ఒక అవయవం ఇంకో అవయవానికి పంపే కబురు. రక్తం దాన్ని ఒళ్ళంతా తిప్పుతుంది గాని, దాన్ని అందుకునే ఏర్పాటు ఉన్న కణాలే ఆ మాట వింటాయి. ఈ గ్రంథులు మూత్రపిండాలకు పంపే కబురు ఒకటుంది, ఉప్పును పోనివ్వకండని. క్షయ ఆ గ్రంథులను తినేస్తే కబురు ఆగిపోతుంది. ఉప్పు మూత్రంలో పోతుంది, దాని వెంట నీరు పోతుంది, రక్తపోటు పడిపోతుంది. ఇక మెదడు కింద ఉండే పీయూష గ్రంథి, అధివృక్కాలు పలకడం లేదని ఇంకా గట్టిగా కేకలు వేస్తుంది. ఆ కేక చర్మానికీ వినబడి నలుపు పుడుతుంది. నలుపు సంగతి ఇలా అని మాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

పై అధికారి అసిస్టెంట్ సర్జన్ గారు చూసి, నా అనుమానం నిజమేనన్నారు. జంతువుల గ్రంథుల నుంచి తీసిన మందు విదేశాల్లో ఉందని పుస్తకంలో ఉంది. విశాఖపట్నం అడిగిస్తే లేదన్నారు. మిగిలింది ఉప్పు. సెలైన్ ఎక్కించాం, తర్వాత పూటపూటా ఉప్పునీళ్ళు తాగించాం. వారం తిరక్కుండా ఎర్రయ్య లేచి వరండాలో తిరుగుతూ పక్క మంచాలవాళ్ళను వేళాకోళం చేయడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగంలో అంత చవకగా లేచి కూర్చున్న రోగిని మరొకణ్ణి చూడలేదు. ఆ రోజుల్లో నాకు గర్వంగా ఉండేది, దాచడం ఎందుకు.

పంపించేటప్పుడు ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాను. ఉప్పు దండిగా తినాలి, ఉప్పునీళ్ళు తాగాలి, ఏ పూటా మానకూడదు. తల్లి తలూపింది. ఎర్రయ్య మాత్రం "ఇంటి సుట్టూరా ఉప్పునీల్లెట్టుకుని, ఉప్పు కోసం అనకాపల్లి వచ్చేను సూడండి" అన్నాడు.

ఆ తర్వాత పోలమ్మ ఎండుచేపల గంపతో సంతకు వచ్చినప్పుడల్లా ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగి, మొగుడు బాగున్నాడని చెప్పి పోయేది. వేటకు పోలేకపోయినా వలలు బాగుచేస్తున్నాడట. నేను చేప తిననని ఎంత చెప్పినా ఆకులో చుట్టి కొన్ని పెట్టి పోయేది. అవి కాంపౌండరుకు చేరేవి.

చలికాలంలో మళ్ళీ ఎర్రయ్యను తీసుకొచ్చారు. ఈసారి బస్సులో కూర్చోలేక బండిలో పడుకోబెట్టి తెచ్చారు. మలేరియా జ్వరం. ఒళ్ళు కాలుతోంది, పెదాలు ఎండిపోయాయి, మణికట్టు దగ్గర నాడి అందలేదు. ఉప్పు పడుతోందా అని అరిచాను. పోలమ్మ అత్తకేసి చూసింది. గురువులమ్మే చెప్పింది. "జొరం కదా బాబూ. సప్పిడి పత్తెం ఎట్టేను. గంజి తప్ప ఇంకేటీ ఎట్టనేదు."

జ్వరం వస్తే ఉప్పు మాన్పించి చప్పిడి గంజి పోయడం ఆ ఇళ్ళలో తరతరాల వాడుక. మా ఇంట్లోనూ అంతే. డాక్టరుబాబు ఉప్పు మానొద్దన్నాడని పోలమ్మ పోరిందట. జొరంలో ఉప్పెట్టి సంపుతావేటే అని అత్త కసిరిందట. ఎర్రయ్య తెలివిలో ఉన్నంతసేపూ ఉప్పు అడిగాడట. కొడుకు చేతికి అందకూడదని ఆవిడ ఉప్పుచేపల గంపను పక్కింట్లో పెట్టించింది.

సెలైను పెట్టడానికి నరం దొరకలేదు. చర్మం కోసి, నరం బయటికి తీసి పెట్టాం. ఒక సీసా పూర్తిగా దిగకముందే ఎర్రయ్య పోయాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. వరండాలోకి వెళ్ళి, ఉప్పు మానొద్దని ఆ రోజు నీకు చెప్పలేదా అని గురువులమ్మ మీద కేకలు వేశాను.

ఆవిడ స్తంభాన్ని పట్టుకుని నిలబడి నా వంక చూసింది. "ఉప్పు తినమని సెప్పేవు బాబూ. తిండి కదా, జొరంలో మానిపించేను. మందని సెప్పుంటే మానిపిత్తునా? మందెవరైనా మానిపిత్తారేటి?"

కాసేపటికి కోపం దిగింది. జ్వరంలో ఆరోగ్యవంతుడి అధివృక్కాలు మామూలు కన్నా ఎక్కువ హార్మోను పోసి మనిషిని నిలబెడతాయి, ఎర్రయ్యకు ఆ దారి లేదు, ఉప్పు పెట్టినా బతికేవాడని చెప్పలేనని ఆవిడకు తెలిసేలా చెప్పాను. అది నిజమే. ఆవిడ నమ్మలేదు. అత్తాకోడళ్ళు బండిలో శవానికి చెరో పక్కన కూర్చుని వెళ్ళిపోయారు. పోలమ్మ ఆ తర్వాత సంతకు వచ్చినా మా గుమ్మం దగ్గర ఆగలేదు.

ఇంట్లో తిండి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఇంటివాళ్ళు నిర్ణయిస్తారు. మందుకు వాళ్ళు అడ్డురారు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆ ఏడాది నుంచి పదవీ విరమణ దాకా, మానకూడదనుకున్నది ఏదైనా సరే, చివరికి ఉప్పునీళ్ళైనా సరే, ఇంట్లో కలుపుకోమని నోటితో చెప్పి ఊరుకోలేదు. ఎర్రరంగు వేయించి, సీసాలో పోయించి, మోతాదు గీతల కాగితం అతికించి, కాంపౌండరు కిటికీలోంచి ఇప్పించాను. జ్వరంలో కూడా వాటిని ఎవరూ ఆపలేదు.