కారు కాదు, కారే బండి

నా చేతికి స్పానరు ఇస్తే ఏం జరుగుతుందో మామిడికుదురులో మా అత్తవారి వీధి వీధంతటికీ తెలుసు. మీరూ తెలుసుకోవడం మంచిది. రేపెప్పుడైనా మీ బండి చుట్టూ నేను తచ్చాడుతూ కనిపిస్తే తాళం తీసి దాచుకోవచ్చు.

తొంభైల నాటి మాట. ధనుర్మాసం చలి. కొత్తల్లుణ్ణి. "అల్లుడుగారు" అనే పిలుపులో చివరి రెండక్షరాలు ఊడిపోకుండా కాపాడుకోవడమే అప్పట్లో నా ఉద్యోగం.

మా మామగారికి కారు లేదు. కారే బండి ఉంది. ఆయన పెళ్లినాటి మోటారు సైకిలు. ఎక్కడ నిలబెడితే అక్కడ నల్లటి మరక.

"చమురు తవ్వేవాళ్లు ఊళ్లమ్మట తిరుగుతున్నారు కదండీ, మన వాకిట్లోకి పిలవండి. తవ్వకుండానే పడుతోంది," అనేవారు అత్తయ్యగారు.

ఆ పోరు పడలేక మామగారు నా ముందు పందెం పెట్టేశారు. "ఈ కారుడు ఆపేరా, బండి మీదేనండి అల్లుడుగారూ. లేకపోతే ఆదివారం పాత ఇనుము కొనేవాడొచ్చి పట్టుకుపోతాడు."

నాకు ఆ బండంటే ప్రాణం. పైగా విద్య కూడా ఉంది. రాజోలులో మెకానిక్ షెడ్డులో కూర్చుని రోజూ పేపరు చదివేవాణ్ణి మరి!

"బండికున్న టూల్ బాక్సు తాళం ఇప్పించండి మావయ్యగారూ."

ఆయన చెయ్యి చటుక్కున మొలతాడుకి కట్టిన తాళం మీదికి పోయింది. "అందులో పనిముట్లేం లేవండి. బండి కాగితాలున్నాయి. ముట్టుకుంటే పొడుమైపోతాయి."

అప్పుడే అనుమానం రావాలి. కాని మేధావి దృష్టి ఇంజను మీదుంటుంది కదండీ! పక్కింట్లో స్పానర్లు అడిగి తెచ్చి, గురువారం సాయంత్రం ఉన్న బోల్టులన్నీ బిగించాను. శుక్రవారం పొద్దున చూస్తే నేల అద్దంలా ఉంది.

"చూసేరా మావయ్యగారూ?"

"ఆయ్! చూసేనండి."

మధ్యాహ్నం ఆయన అమలాపురం నుంచి తిరిగొచ్చేసరికి పంచె కుడివైపంతా నూనె.

"ఆగిందన్నారు?"

"పొద్దున ఆగిందండి."

"మరి మళ్లీ మొదలెట్టమని మధ్యాహ్నం ఎవరు చెప్పేరండి దానికి?"

అయితే మూత సందులో ఉండే ప్యాకింగు అట్ట పోయుంటుందని తీర్మానించాను. ఇంజను పక్కమూత విప్పి, మిగిలిపోయిన మా పెళ్లి శుభలేఖని మందంగా ఉంది కదా అని కత్తిరించి కొత్త ప్యాకింగు వేశాను.

"మనిద్దరి పేర్లూ ఉన్నచోటే కోసేరేవండీ?" అంది మా ఆవిడ.

"ఎప్పటికీ అతుక్కుని ఉంటామని."

"ఇంజనుకా?"

శనివారం పొద్దున మళ్లీ అద్దం. మధ్యాహ్నం మళ్లీ పంచె. ఉక్రోషం పట్టలేక ఒక బోల్టుని పళ్లు బిగించి మరీ తిప్పాను. కిర్రుమని, ఆ తర్వాత ఎంత తిప్పితే అంత హాయిగా తిరిగింది. ఇంత సాఫీగా తిరుగుతోందంటే బాగా బిగిసినట్టే అనుకున్నాను.

ఆదివారం. పాత ఇనుము వ్యాపారి గేటు దగ్గర కాటాతో సహా తయారయ్యాడు. నాకు షెడ్డులో విన్న చివరి ఉపాయం గుర్తొచ్చింది. ఇంజనుని కిరసనాయిలుతో తుడిచి, మా ఆవిడ పౌడరు డబ్బా మొత్తం దాని మీద దులిపాను. ఎక్కడ ముందు తడిస్తే అక్కడే చిల్లు.

"పెళ్లిలో నాక్కూడా ఇంత పుయ్యలేదు," అంది మా ఆవిడ.

ఎండెక్కింది. తెల్లటి పౌడరు మీద సన్నగా ఒక తడిచార దిగింది. ఇంజను నుంచి కాదు, దాని పైనున్న టూల్ బాక్సు నుంచి! వేలు ముంచి వాసన చూశాను.

కొబ్బరినూనె.

నవ్వకండి. కోనసీమలో కొబ్బరినూనె వాసన ఎవడికి తెలుస్తుందండీ? తలలూ దిళ్లూ తువ్వాళ్లూ అన్నీ అదే వాసన. చలికి పొద్దున పేరుకుని బుద్ధిగా కూర్చునేది, ఎండకి కరిగి, ఇంజను మసి పూసుకుని నల్లగా కారేది. నా రెండు విజయాలూ చలిగాలి చలవే!

నేను నోరు తెరిచేలోగా మామగారు నన్ను కొబ్బరికాయల రాశి వెనక్కి లాక్కుపోయారు.

"జుట్టు మొలిచే తైలమండి. సీసా మూత సరిగా పట్టదు. అమలాపురం వెళ్లినప్పుడల్లా దారిలో ఆగి రాసుకుంటున్నాను. మీ అత్తయ్యగారికి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

ఆయన తల వంక చూశాను. ఎండకి కళ్లు చెదిరాయి.

"మరి బండి కాగితాలండీ?"

"అవీ అందులోనే ఊరుతున్నాయండి. బండి మీదే, కాగితాలూ మీవే. నోరు మాత్రం కట్టెయ్యండి."

బయటికి రాగానే అత్తయ్యగారు అడిగారు. "ఏవిటండీ లోపం?"

"పైభాగంలో అత్తయ్యగారూ. వయసుతో వస్తుంది."

ఇనుము వ్యాపారి కాటా ఎత్తుకుని వెళ్లిపోయాడు. సీసా మామగారి చంకలోకీ, మామగారు పెరట్లోకీ మాయమయ్యారు. నేను బండెక్కి, వెనక మా ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని, మహారాజులా రాజోలు చేరాను. దిగి చూసుకుంటే దారి పొడుగునా నల్లటి గీత. హాయిగా తిరిగిన ఆ బోల్టు దారిలో ఎక్కడో హాయిగా దిగిపోయింది. శుభలేఖ నానిపోయి, మా ఇద్దరి పేర్లూ చెరోవైపు వేలాడుతున్నాయి.

అన్నట్టు, అంత తైలం తాగిన ఆ ఇంజను మీద ఒక్క వెంట్రుకైనా మొలవలేదు. మామగారికి ఆ సంగతి చెప్పడానికి మనసు రాలేదు.

ఆ నల్లటి గీత చూసిన క్షణమే ఇంజను మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. వాసన చూడకుండా ఈ జన్మలో స్పానరు పట్టను గాక పట్టను! చెయ్యి తీసి చూసుకుంటే నల్లగా ఉంది. మాట తప్పకూడదు కదా, వాసన చూశాను.

అచ్చమైన ఇంజనాయిలు.