వాపసు తెచ్చుడే నా పని

మా కాక పోయాడు. జెబెల్ అలీలో కంపెనీ బస్సు నిలిపి చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. ఉమ్ అల్ క్వైన్ అవతల ఇసుకలో ఉన్న తోట నుంచి, అక్కడ చెట్లకు నీళ్లు పట్టే బంగ్లాదేశీ చేశాడు. "భాయ్, కుత్తా లోగ్ సుబే సే చిల్లా రహా హై. చాచా ఉఠ్ నహీ రహా" అన్నాడు. కుక్కలు పొద్దున్నుంచీ అరుస్తున్నాయి, చాచా లేవడం లేదు అని. లేవడం లేదంటే ఏమిటో ఈ దేశంలో పనిచేసే మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తిని పడుకున్న మనిషి తెల్లారి లేవకపోవడం మా క్యాంపుల్లో కొత్త చావేం కాదు. అయినా నేను "నీళ్లు చల్లి చూడు" అన్నాను. 

ఆయన నాకు వరసకు కాక. జగిత్యాల దిక్కు మాది ఒకే ఊరు, పక్క పక్క వాకిళ్లు. ఆయన నాకంటే ముందే దుబాయ్ వచ్చి, ఆ తోటలో కుదురుకుని, తన యజమాని దగ్గరే డ్రైవర్ వీసా ఇప్పించి నన్ను రప్పించాడు. యజమానిని మేం అర్బాబ్ అనేవాళ్లం. ఇంటి దగ్గర అందరికీ కాక చేసేది తోట పని అనే తెలుసు. ఖర్జూరం కోతలున్నాయని, చెట్లకు పాదులు తీస్తున్నామని ఫోన్లో ఆయనే చెప్పేవాడు. నిజానికి ఆయన ఏ చెట్టునూ ముట్టింది లేదు. ఆయన పని కుక్కలు.

కుక్కలు అంటే అర్బాబ్ ఊరుకునేవాడు కాదు. "కుత్తా నహీ, సలూకీ" అని వేలు చూపించి దిద్దేవాడు. పొడుగు మూతి, లోపలికి పోయిన డొక్క, కుచ్చుల్లాంటి చెవులు, చూస్తే వారం రోజులుగా తిండి లేనట్టు ఉంటాయి. అరబ్బులు తరతరాలుగా వీటితో కుందేళ్లను వేటాడతారు. మామూలు కుక్కను గేటు దాటనివ్వని ఇంట్లో ఇవి తివాచీ మీద పడుకునేవి. మేము మాత్రం చెప్పులు బయట విడిచి గడప దగ్గరే నిలబడేవాళ్లం. నాకు చిన్నప్పటి నుంచీ కుక్కలంటే పడదు. దుబాయ్ దాకా వచ్చి వాటి పళ్లెం కడగాల్సి వచ్చిందే అని రోజూ లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. కాక ఆ మాట పసిగట్టి, "నువ్వు కడగకురా, నేను కడుగుత. నీ చేతి వాసన కూడ వాటికి నచ్చుతలేదు" అని నవ్వేవాడు.

ప్రభుత్వం వేటను ఎప్పుడో ఆపేసింది. కానీ అర్బాబ్‌కు కంచె వేసుకున్న పెద్ద ఇసుక నేల ఉంది. నా నేల, నా కుందేళ్లు అనేవాడు. చలికాలం రాగానే అక్కడ గుడారాలు వేసి, స్నేహితులను పిలిచి, రాత్రిపూట లైటు వెలుగులో సలూకీలను వదిలేవాడు. ఆ చలికాలానికి కుక్కను సిద్ధం చేయడమే కాక చాకిరీ. "ఈ సలూకీ తయారు కానీ, నిన్ను ఇంటికి పంపిస్తా" అని అర్బాబ్ ఏటా అనేవాడు. అది తయారయ్యేది. ఇంకో పిల్ల వచ్చేది. కాక పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలోనే ఉండేది. మొదట్లో ఎప్పుడో ఒకసారి ఊరికి పోయి వచ్చాడంతే. ప్రతి శుక్రవారం కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్లో "ఈసారన్న వస్తున్నవా?" అనేది. కాక "కోతలైనంక" అనేవాడు.

ఒక కుక్క సంగతి చెప్పాలి. దానికి ఏం తోచేదో, ఉన్నట్టుండి ఆగిపోయేది. కుందేలు ముందు నుంచి పోతున్నా కూర్చుని చెవి గోక్కునేది. రెండు చలికాలాలు చూసి అర్బాబ్ విసుగెత్తి, "ఖలాస్. బర్రా" అని ఎడారి వైపు చెయ్యి ఊపాడు. బయట వదిలేయమని. పికప్ నేనే నడిపాను. కాక వెనక ట్రాలీలో దాని మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. రోడ్డుకు బాగా దూరంగా, ఒక్క ముళ్లచెట్టు కూడా లేని చోట దింపి, నీళ్ల గిన్నె పెట్టి, బండి ఎక్కాడు. అది పరిగెత్తింది. ఎన్నడూ కుందేలు వెంట పరిగెత్తని కుక్క మా బండి వెంట పరిగెత్తింది. అద్దంలో చూడొద్దనుకుంటూనే చూశాను. తోటకు వచ్చాక కాక ఆ పూట అన్నం తినలేదు. నేనూ తినలేదు, కానీ నాది కోపం, ఆయనది ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

ఆ తరువాత వచ్చిందే చిన్న ఆడ సలూకీ. గోధుమరంగుది. అర్బాబ్ దానికి ఏదో గొప్ప అరబ్బీ పేరు పెట్టాడు. కాక మాత్రం "పిల్ల" అనేవాడు. దానికి లైటంటే భయం. చేతి లైటు మొదటిసారి వెలిగించగానే పికప్ కిందికి దూరి, మేము తోక పట్టి లాగినా రాలేదు. అర్బాబ్ వంగి చూసి లేచి నిలబడి, "హాదా ఆఖరీ" అన్నాడు. ఇదే చివరిది. ఇదీ పనికిరాకపోతే ఇక సలూకీలే వద్దు, నీ వీసా కాన్సిల్, ఘర్ జావ్ అని కాకతో తెగేసి చెప్పాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. గదిలోకి రాగానే కాకను పట్టుకున్నాను.

"కాకా, నువ్వు దేన్నీ చెడగొట్టే పని లేదు. ఊకె కూసో. అదే బెదిరి బండి కింద పండుతది. చలికాలం పోతది, నువ్వు ఇంటికి పోతవ్."

"నన్ను ఇంటికి తోలుతడు. మరి దాన్ని యాడికి తోలుతడు?"

పోయినసారి బండి నడిపింది నేనే కదా.

"నాకు పోతందుకు ఇల్లన్న ఉన్నదిరా" అన్నాడు కాక. "దానికేమున్నది?"

"చిన్నమ్మకు ఏం జెప్తవ్?"

"కోతలున్నయని జెప్త."

మరునాడే మొదలుపెట్టాడు. పొద్దు గుంకే వేళ, ఇంకా వెలుతురు ఉండగానే, లైటు నేల మీద పెట్టి ఆ గుండ్రటి వెలుగులో దాని పాల గిన్నె ఉంచేవాడు. పిల్ల దూరం నుంచి మూతి చాచి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి, చివరికి ఆకలికి లొంగేది. రోజూ గిన్నె కాస్త ముందుకు, చీకటి కాస్త ఎక్కువ. ఆ తరువాత నా వంతు. కుందేలు తోలుకు తాడు కట్టి నేను ఇసుకలో ఈడ్చుకుంటూ ఉరకాలి, కాక దాని మీద లైటు వేయాలి, పిల్ల వెంటపడాలి. బట్టతల వస్తున్న మనిషిని, పొట్ట ఊగుతుంటే కుక్కకు చిక్కకుండా పరిగెత్తేవాణ్ణి. బంగ్లాదేశీ నీళ్ల పైపు వదిలేసి మరీ చూసి నవ్వేవాడు. ఒకసారి కాలు మెలిక పడి బోర్లా పడితే పిల్ల తోలును వదిలి నా ముఖం నాకింది. కాక ఇసుకలో కూర్చుని కడుపు పట్టుకున్నాడు. ఆయన అంత నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

అసలు కుందేలు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. గాలి ఎదురుగా ఉండేట్టు నడిచేవాడు, వాసన కుందేలుకు ముందే పోకూడదని. లైటు పడితే కుందేలు కళ్లు నిప్పుకణికల్లా మెరిసి, అది ఉన్నచోటే నక్కుతుంది. అప్పుడు లైటు ఆర్పి, చీకట్లో దగ్గరికి పోయి, మళ్లీ వెలిగించి, అది లేచి ఉరకగానే కుక్కను వదలాలి. "లైటు కుందేలు మీదనే ఉండాలె, కుక్క మీద గాదు" అనేవాడు. కుక్క నోట కరిచి ప్రాణంతోనే పట్టుకోవాలి, అర్బాబ్ బిస్మిల్లా అని కోసేదాకా నలపకూడదు. కాక ఆ మాంసం ఏనాడూ ముట్టలేదు.

ఆయనకు భయమల్లా కంచె. కుందేలు తీగల కింద నుంచి దూరిపోతుంది. ఆ వేగంలో వచ్చే సలూకీ తీగలకు తగిలితే రెండు ముక్కలే. అందుకే కుందేలు కంచె దిక్కు తిరగగానే టక్కున లైటు ఆర్పేసేవాడు. అంతా చీకటి. నాలుకతో ట్చొ ట్చొ అనేవాడు. కాసేపటికి ఎక్కడి నుంచో రొప్పు వినిపించేది, తరువాత ఆయన కాళ్లకు తడి ముక్కు తగిలేది. లైటు వెలిగించకుండానే దాని పక్కటెముకలు, కాళ్లు, పాదాలు ఒక్కొక్కటి తడిమి చూసేవాడు. అన్నీ ఉన్నాయని తేలాకే లైటు. నేను "చేతికొచ్చిన కుందేలును పోగొట్టినవ్" అంటే, "ఉరికించుడు ఎవడన్న ఉరికిస్తడు. వాపసు తెచ్చుడే నా పని" అనేవాడు.

చలికాలం వచ్చింది. గుడారాలు, అతిథులు, కాఫీ కెటిళ్లు. నేను బండి నడుపుతున్నాను, అర్బాబ్ నా పక్కన, వెనక ఇంకో రెండు బండ్ల నిండా ఆయన స్నేహితులు. కాక ముందు నడుస్తున్నాడు, ఒక చేత్తో లైటు, ఒక చేత్తో పిల్ల. మొదటి కుందేలు లేచింది, పిల్లను వదిలాడు. అబ్బ, ఆ పరుగు! కుక్కలంటే పడని నేను కూడా స్టీరింగ్ మీదికి వంగిపోయాను. ఇంకాస్తలో అందేదే, కుందేలు కంచె వైపు తిరిగింది. అందరూ "యల్లా, యల్లా" అని అరుస్తున్నారు. కాక లైటు ఆర్పేశాడు.

వెనక బండ్లలో నవ్వులు మొదలయ్యాయి. అర్బాబ్ ముఖం నల్లబడింది. అద్దం దించి అరబ్బీలో తిట్టిన తిట్లు నాకు సగం అర్థమయ్యాయి, ఆ సగం చాలు. నేను మాత్రం లోపల మొక్కుకున్నాను. ఇక్కడితో ఆపెయ్ కాకా, అయిపోయింది, నువ్వు ఇంటికి పోతున్నావ్ అని. కాక పిల్లను తడిమి చూసుకుని, అర్బాబ్ దగ్గరికి వచ్చి, "ఏక్ ఔర్" అని వేలు చూపించాడు. ఇంకొక్కటి.

రెండోది నడి మైదానంలో దొరికింది. పిల్ల దాన్ని పట్టుకుని, నలపకుండా, చెవులు కదులుతుండగా తెచ్చి కాక ముందు నిలబడింది. ఇందాక నవ్వినవాళ్లే దిగివచ్చి చప్పట్లు కొట్టారు. అర్బాబ్ కాకను పక్క నుంచి కావలించుకుని, "ఇంతా మాఫీ రూహ్!" అన్నాడు. నువ్వెక్కడికీ పోవు అని. ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఇంకా మంట. కాక తల ఊపి, మోకాళ్ల మీద కూర్చుని పిల్ల పాదాల్లో ముళ్లు వెతకడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి ఆయన మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బండిని ఎత్తుపల్లాలు చూడకుండా తోలాను. గేటు దగ్గరికి వచ్చాక ఆయనే, "బతికిందిరా" అన్నాడు.

తరువాత నేను వీసా మార్చుకుని జెబెల్ అలీకి వచ్చేశాను. కాక అక్కడే ఉండిపోయాడు. ఆయన పేరు పాకి, అర్బాబ్ స్నేహితుల పిల్లలను కూడా అక్కడికే తెచ్చి వదిలేవారు. కుక్కపిల్లలను అంటున్నాను. ఎంత బాగా చేస్తే అంత గట్టిగా పట్టుకున్నారు. నేను ఫోన్ చేసి పాస్‌పోర్టు అడుగుదాం పద, నలుగురిని తీసుకొస్తాను అంటే, "ఈ ఒక్కదాన్ని కానియ్" అనేవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి సగంలో ఉండేది. చివరికి ఇంటికి పోవాలంటే ఆయనకే బెరుకు పట్టుకుందేమో అని కూడా అనిపిస్తుంది. వీడియో కాల్ వచ్చాక ఆయన చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు ఖర్జూరం చెట్టు కింద నిలబడేవాడు, వెనకాల కుక్కలు కనిపించకుండా.

ఆసుపత్రిలో శవాల గది ముందు అర్బాబ్ ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, తలకు చుట్టుకున్న గుడ్డతో కళ్లు తుడుచుకుంటూ ఏడ్చాడు. కాగితాలన్నీ తానే తిరిగి చేయించాడు. బతికుండగా ఏళ్లకు ఏళ్లు బయటికి రాని పాస్‌పోర్టు ఒక్క పూటలో వచ్చింది. అంతా అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, మీ ఊళ్లో ఇలాంటి మనిషి ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను లేరని చెప్పాను.

పెట్టెతో పాటు నేనే వెళ్లాను. వాకిట్లో దించి మేకులు తీశారు. చిన్నమ్మ ఏడవలేదు. ముందు ముఖం చూసింది, గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. తరువాత గుడ్డ తొలగించి చెయ్యి బయటికి తీసింది. ఎడమ మణికట్టు చుట్టూ నల్లగా, తోలు మొద్దుబారి, గాడి పడి ఉంది. సలూకీ లాగుడుకు ఆగాలంటే తాడు చేతికి చుట్టుకోవాలి, అన్నేళ్లూ అదే చోట ఒరుసుకుపోయింది. ఆమెకు అది ఎలా తెలుస్తుంది? ఆమె దృష్టిలో ఆయన చెట్లకు పాదులు తీసే మనిషి.

"ఈయన్ను ఎవలన్న కట్టేసిండ్రా బిడ్డా?" అని నన్ను అడిగింది.

నేను గుడ్డ మళ్లీ కప్పబోయాను. ఆమె చెంబుతో నీళ్లు తెమ్మంది. కొంగు తడిపి ఆ మణికట్టును రుద్దడం మొదలుపెట్టింది. పొద్దు పోతోందని మగవాళ్లు తొందర చేస్తున్నారు. ఆమె వినిపించుకోలేదు. కొంగు మళ్లీ ముంచి, పిండి, మెల్లగా రుద్దుతూనే ఉంది.