నరెల్ చోటు వదల్లేదు

ఫుట్‌బాల్ ఆటకు వెళ్లి కూర్చునేవాళ్లంటే డల్సీ ప్రెండర్‌గాస్ట్‌కు భలే చులకన. మా బార్లో స్ట్రీట్ మైదానంలో చెక్క బెంచీల స్టాండు ఒక్కటే ఉండేది, అదీ క్లబ్బు సభ్యులకే. మిగతా జనమంతా గోలు వెనకాల మట్టిగట్టు మీద నిలబడి చూడాల్సిందే.

"ఆ బెంచీల వాళ్లు ఆట చూడ్డానికి రారే బెవ్, కునుకు తియ్యడానికొస్తారు" అనేది నాతో.

మనిషి ఐదడుగులు కూడా ఉండదు. మా గట్టు మీద పొట్టివాళ్లు ఖాళీ బీరు డబ్బాలు పేర్చి వాటి మీద ఎక్కేవాళ్లు. డల్సీ బీరు ముట్టదు కాబట్టి పాల సీసాల క్రేటు ఒకటి మోసుకొచ్చేది. వారమంతా బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దేది, శనివారం తెల్లారగానే గేటు దగ్గర నిలబడేది. గట్టు మధ్యలో ఇనుప కమ్మీని ఆనుకుని ఉన్న చోటు ఆమెది. మా ఆకుపచ్చ జట్టు గెలిచినా ఓడినా ఆ చోటు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. ఒకసారి పాస్టరు గారు కాస్త జరగమంటే, "మీకు పైన ఎలాగూ చోటుంది కదండీ, ఇక్కడెందుకు?" అంది.

డల్సీ కూతురికి శనివారాలు ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని ఆరేళ్ల మనవరాలు నరెల్ అమ్మమ్మతోనే ఆటకొచ్చేది. ఆ పిల్లకు అక్షరాలకన్నా ముందు గట్టు మీద బతుకు నేర్పింది డల్సీ.

"నేను పక్కకెళ్తే క్రేటు దిగకు. ఎవడైనా వచ్చి మీ అమ్మమ్మ రమ్మంటోందని చెప్పినా కదలకు. అలా చెప్పే చోటు కొట్టేస్తారు వెధవలు."

"దిగను అమ్మమ్మా" అనేది నరెల్, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

ఆ ఏడు చివరాఖరి ఆట ఊదారంగు జట్టుతో పడింది. గెలిచినవాళ్లకే ఫైనల్స్. మైదానంలో పట్టేది ఇరవై ఎనిమిది వేలని గేటు మీదే రాసుంది. ఆ అంకె ఆ రోజు ఎవరు చూశారు గనుక! సగం ఆట అయ్యేసరికి మోచెయ్యి కదపడానికి లేదు. డల్సీ, నేనూ పిల్లను క్రేటు మీద నిలబెట్టి మరుగుదొడ్డికి వెళ్లాం. అన్ని వేల జనానికి ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒకటే, అదీ గట్టు అవతల. కట్టినవాడికి తల్లి లేదేమో.

వరసలో మా వంతు వచ్చి, వేడి మాంసం రొట్టె ఒకటి కొనుక్కుని తిరిగొచ్చేసరికి, నాలుగు భాగాల ఆటలో మూడో భాగం మొదలైంది. అప్పుడే పైన గేట్లు తెరిచారు. బయట మిగిలిపోయిన జనం కంచె విరగ్గొట్టేలా ఉన్నారని తెరిచారట. వాళ్లంతా ఒక్కసారిగా గట్టు మీదికి దిగారు. నా వీపు మీద కొండ విరిగి పడ్డట్టయింది. కాళ్లు నేల మీద లేవు. చేతిలోని రొట్టె ఎవరి వీపుకో అతుక్కుపోయింది. ఊపిరి లోపలికి పోవడంలేదు. నాకు చచ్చేంత భయమేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

డల్సీకి ఏమీ కనబడటం లేదు. అంత పొడవు మగాళ్ల మధ్య ఆమె బావిలో ఉన్నట్టుంది.

"బెవ్, పిల్ల కనబడుతోందా? చెప్పవే!"

కనబడుతోంది. కింద, చాలా దూరంలో, కమ్మీకి పొట్ట అదిమిపెట్టి ఉంది నరెల్. వెనక జనం వచ్చి మీద పడుతున్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఊదా టోపీ పెట్టుకున్న ఒక భారీ మనిషి రెండు చేతులూ కమ్మీకి తన్నిపెట్టి, వీపుతో జనాన్ని ఆపుతున్నాడు. పక్కవాళ్లు పిల్లను పైకెత్తబోతున్నారు. ఇరుకైతే పిల్లల్ని తలల మీదుగా అందించి, ముందున్న ఆట హద్దు గీత పక్కన గడ్డి మీద కూర్చోబెట్టడం మా మైదానాల అలవాటే. కానీ నరెల్ కమ్మీని కరుచుకుని, ఎత్తబోయిన చేతుల్ని కొరుకుతోంది.

"ఎత్తనివ్వట్లేదు" అన్నాను. "చోటు వదలట్లేదు డల్సీ."

డల్సీ గొంతులోంచి వచ్చిన కేక నేను మళ్లీ వినలేదు, వినకూడదు కూడా.

"చెప్పండయ్యా! క్రేటు మీద పిల్లకి చెప్పండి! అమ్మమ్మ వదిలెయ్యమందని చెప్పండి!"

ముందున్నవాడు తన ముందువాడికి అరిచాడు, వాడు ఇంకొకడికి. మాట గట్టు దిగి వెళ్లింది. నరెల్ విని, అడ్డంగా తలూపింది. అమ్మమ్మ నేర్పిన పాఠం అదే కదా.

సరిగ్గా అప్పుడే స్కోరు బోర్డు మీద ఆనాటి జనం లెక్క వేశారు. నలభై ఒక్క వేల మూడు వందల ఆరు. మైదానం రికార్డు! జనం ఈలలు, చప్పట్లు. తమ లెక్కకు తామే సంబరపడుతూ గంతులేశారు. ఆ గంతులకు గట్టంతా మళ్లీ కిందికి ఒరిగింది. పిల్ల నోరు తెరుచుకుంది, శబ్దం మాత్రం మా దాకా రాలేదు.

డల్సీ మెడలోని పచ్చ మఫ్లరు లాగింది. ఆటగాళ్ల పేర్లున్న బిళ్లలన్నీ దానికే కుట్టుకుంది, దాన్ని ఉతకడానికి కూడా ఎవరికీ ఇవ్వదు. "ఇది ఇవ్వండి! ఇది చూపిస్తే నమ్ముద్ది!" అని పైకి విసిరింది.

మాకూ పిల్లకూ మధ్య ఉన్నది ఎక్కువగా ఊదావాళ్లే. మా పచ్చ గుడ్డ వాళ్ల చేతికి చిక్కితే బురదలో తొక్కుతారు, లేదా బీరు పోస్తారు. ప్రతి ఏడూ చూస్తున్నదే. ఒక చెయ్యి అందుకుంది. ఇంకో చెయ్యి. ఊదా చేతులే. ఒకచోట ఆగింది.

"ఎక్కడిదాకా పోయింది?" డల్సీ నా చొక్కా పట్టుకుని గుంజుతోంది. "ఎక్కడుందే?"

"కదిలింది. వెళ్తోంది."

టోపీ మనిషి దాన్ని పళ్లతో అందుకున్నాడు, చేతులు వదిలితే పిల్ల నలిగిపోతుందని. తల వంచి నరెల్ భుజం మీద పడేశాడు. పిల్ల బిళ్లలు తడిమి చూసింది. కమ్మీ వదిలింది. మరుక్షణం గాల్లోకి లేచింది. తలల మీదుగా, చేతుల మీదుగా వెళ్లి మైదానం చుట్టూ ఉన్న కంచె అవతల గడ్డి మీద దిగింది.

మేం అక్కడికి చేరేసరికి ఆట అయిపోయింది. ఎవరు గెలిచారో ఆ పూట నేను అడగలేదు. మఫ్లరు చుట్టుకుని కూర్చున్న పిల్ల అమ్మమ్మను చూడగానే ఏడుపు మొదలెట్టింది.

"కొట్టకు అమ్మమ్మా. నేను గట్టిగానే పట్టుకున్నా. మన చోటు పోయింది."

డల్సీ గడ్డి మీదే కూలబడిపోయింది.

ఆ తర్వాత ఆమె గట్టు ఎక్కలేదు. ఇప్పుడు గట్టే లేదు, అంతా నంబర్ల ప్లాస్టిక్ కుర్చీలు. డల్సీ, నరెల్, నేను ఒకే వరసలో కూర్చుంటాం. నరెల్‌కు ఇద్దరు పిల్లలు. మూడో భాగంలో పెద్ద తెర మీద జనం లెక్క వేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. డల్సీ చెయ్యి మాత్రం పక్క కుర్చీలోకి వెళ్లి మనవరాలి మణికట్టు పట్టుకుంటుంది. గోళ్లు దిగుతాయి. చప్పట్లు ఆగేదాకా నరెల్ ఆ చెయ్యి కదపదు.