గుర్వమ్మ అప్పజెప్పిన పిల్ల

దిండి దాటాక బస్సు ఆగిపోయింది. చెడిపోయి కాదు, ముందర వాగు దాటించే మోరీ లేక. నిజాం సర్కారు కట్టిన మోరీని కమ్యూనిస్టు సంగపోళ్లు పగలగొట్టారు. పోలీసు యాక్షన్ అయ్యాక మిలిటరీ వాళ్లు వచ్చి దానిమీద దుంగలు పరిచారు. ఆ దుంగల్ని ఊరివాళ్లు వంటచెరకుకు ఎత్తుకుపోయారు. పదేళ్ల చరిత్ర రాయాలనుకునే పండితులు ఆ గుంటలోకి ఒకసారి తొంగిచూస్తే చాలు.

"నడువగలిగినోళ్లు నడువుండ్రి. కల్వకుర్తి ఎటూ పారిపోదు," అన్నాడు డ్రైవరు, స్టీరింగు మీద తలపెట్టి కళ్లు మూసుకుంటూ.

అది పందొమ్మిదివందల యాభై, మే నెల. విరిగిన మోరీ రాయి మీద ఒకామె కూర్చుని కదురు తిప్పుతోంది. ముసలామె అనుకున్నాను గాని యాభై దాటి ఉండదు. నల్లగొండ, పాలమూరు ఎండలు మనుషుల వయసుకు పదేళ్లు కలిపి చెబుతాయి. ఆ ఎండలో కూడా భుజాన నల్ల గొంగడి ఉంది. ఇప్పుడు గొంగడి ఎందుకమ్మా అన్నాను.

"ఎండకూ గిదే, వానకూ గిదే, చలికీ గిదే. నువ్వు మూడిట్లకు మూడు కొంటవు గావచ్చు, పంతులూ."

ఇద్దరం ఒకే దారి పట్టాం. పేరు గుర్వమ్మ అంది. ఆమె నడుస్తూనే నూలు వడుకుతుంది. కదురు మోకాలి దాకా దిగి, గిర్రున తిరిగి, మళ్లీ చేతిలోకి వస్తుంది. గొర్లకాపరుల ఇళ్లలో పుట్టినవాళ్లకు నడక, వడకడం వేరువేరు పనులు కావు. ఎటు పోతున్నావంటే, "బొచ్చు అడుక్కుంట పోతున్న," అంది. వేసవి గొర్లబొచ్చు కత్తిరించే కాలమే, నేను నమ్మాను.

మైలున్నర నడిచామో లేదో మిలిటరీ క్యాంపు వచ్చింది. ఒక జవాను నా సంచి గుంజుకుని బోర్లించాడు. రెండు పురాణాలు, చెదలు కొట్టిన ఒక ఉర్దూ నిఘంటువు, అటుకుల మూట పడ్డాయి. చదువుకున్నవాడు కాలినడకన పోతుంటే ఆ రోజుల్లో అనుమానమే. గుర్వమ్మ నాకూ అతనికీ మధ్య వచ్చి నిలబడింది.

"పురాణం జెప్పెటాయన సారూ! మా ఊర్ల రాత్రి కథ జెప్తే ఊరంత నిద్రవోయింది. గీయన చేతుల తుపాకి వెడితే గదిగూడ నిద్రవోతది. ఇడువుండ్రి."

జవానుకు తెలుగు రాదు. ఆమె గొంతులోని ధీమా అర్థమైనట్టుంది, పొమ్మని చెయ్యి ఊపాడు. కొంతదూరం పోయాక ఆమె అడిగింది.

"గా లావు పుస్తకం ఉర్దూదా?"

"అవును."

"నీకు ఉర్దూ రాసుడొస్తదా?"

వస్తుందన్నాను. కదురు ఆగింది. అప్పుడు నిజం చెప్పింది. ఆమె వెతుకుతున్నది బొచ్చును కాదు, ఒక పిల్లను.

గుర్వమ్మది దేవరకొండ దిక్కు పల్లె. పెనిమిటి బుచ్చయ్యకు అరవై గొర్లుండేవి. ఎండాకాలం వస్తే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, నందికొండ దాకా పోయేవారు. పిల్లలు పుట్టలేదు. "మాకు యాడాదికి ముప్పై పిల్లలు," అని బుచ్చయ్య నవ్వేవాడట. రజాకార్లు వచ్చి పదిహేను గొర్లు తోలుకుపోయారు. దళం వాళ్లు రాత్రిపూట వచ్చి, అన్నా అని పిలిచి, అయిదు తీసుకున్నారు. తర్వాత వచ్చిన క్యాంపు మిగిలినవి తినేసింది. మంద పోయిన మూడు నెలలకు బుచ్చయ్య పోయాడు. దవాఖానాలో జ్వరమని రాశారు. గుర్వమ్మ తాలూకా ఊరికి వచ్చి, మున్సిఫు కచేరీ ప్రహరీకి ఆనించి బోదగడ్డితో ఒక కొట్టం వేసుకుని, గొంగళ్లకు నూలు వడుకుతూ బతికింది.

ఆ కచేరీకి ఒకరోజు తొమ్మిదేళ్ల నర్సమ్మ వచ్చింది. అది దొర ఉండే కోటలాంటి ఇంట్లో, గడీలో, దాసీకి పుట్టిన పిల్ల. దొరబిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు చీరలతో, ఇత్తడితో పాటు ఇట్లాంటి పిల్లనొకదాన్ని పంపేవారు. 'ఆడపాప' అనేవారు. పేరు ముద్దుగానే ఉంటుంది, చాకిరీ మాత్రం చచ్చేదాకా. నర్సమ్మను అట్లా పంపడానికే పెంచుతున్నారు. పాలు ఒలకబోసిందని దొరసాని అట్లకాడ కాల్చి ఎడమ రెక్క మీద మూడు వాతలు పెట్టింది. పిల్ల పారిపోయి దవాఖానా అరుగు మీద పడింది. కాంపౌండరు వాతలు చూసి డాక్టరుకు చెప్పాడు, డాక్టరు పోలీసులకు రాశాడు, పంచనామా అయింది, కేసు మున్సిఫు ముందుకు వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమెరికాలో చికాగో అనే పట్నంలో పిల్లల కోసమే వేరే కోర్టు పెట్టి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. పక్కనున్న మద్రాసులో పిల్లల చట్టం వచ్చి ముప్పై ఏళ్లు. ఇవన్నీ నేను పాత పత్రికల్లో చదివాను. తన్నులు తిన్న పిల్లను తన్నినవాళ్లకు దూరంగా, వాయిదా దాకా ఎక్కడ ఉంచాలి అన్నదే ఆ చట్టాలన్నిటికీ మొదటి చిక్కు. మా మెట్టసీమలో అట్లాంటి కోర్టూ లేదు, పిల్లలను ఉంచే ఇల్లూ లేదు. ఉన్నదల్లా భూమి తగాదాలు తీర్చే ఒక మున్సిఫు, ఒక చప్రాసి. పిల్లను ఎవరుంచుకుంటారని మున్సిఫు పెద్దిళ్లలో అడిగించాడు. యాక్షన్ తర్వాత దొరలు మళ్లీ గడీల్లోకి తిరిగొచ్చారు. ఎవరికి ధైర్యముంటుంది? అప్పుడు ప్రహరీ అవతలినుంచి గుర్వమ్మ, "నేనుంచుకుంట," అంది. చప్రాసి జానయ్య కాగితం చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాడు.

"మల్ల ఏమైంది?" అన్నాను.

"ఏమైతది? ఇరవై దినాలు నా కొంగువట్టుకోని తిరిగింది. నూలు వడుకుడు నేర్సింది. రాత్రి నా గొంగట్ల ముడుసుకోని పండేది, గొర్రెపిల్ల తీర్గ."

ఆ తర్వాత సంగతి చెప్పడానికి ఆమెకు అరమైలు పట్టింది.

ఒక పొద్దున ఒకామె వచ్చింది, భద్రమ్మ అని. తాను పిల్ల తల్లికి అక్కనని, నెలరోజుల నుంచి వెతుకుతున్నానని ఏడ్చింది. గుర్వమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, పిల్లకు గుర్తేముందని. "ఎడమరెక్క మీద మూడు వాతలు, నడిమిది పొడుగు," అంది భద్రమ్మ. గుర్వమ్మ పిల్ల చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది.

నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు.

కాపరులలో ఒక కట్టుబాటుంది. తప్పిపోయిన గొర్రె మన మందలో కలిస్తే మేపాలి, కాయాలి. ఎవరైనా వచ్చి దాని చెవికోత సరిగ్గా చెబితే మారుమాట లేకుండా అప్పజెప్పాలి. గుర్తు చెప్పినవాడికి జీవాన్ని ఇవ్వని కాపరి ఇంట్లో కులంవాళ్లు మంచినీళ్లు ముట్టరు. తాతముత్తాతల నుంచి ఆ కట్టుబాటు తప్పలేదు. కానీ ఆ గుర్తు తెలిసినవాళ్లు ఎవరు? వాత పెట్టిన ఇంటివాళ్లే.

"పిల్ల ఎన్కకు సూసుకుంట పోయింది," అంది గుర్వమ్మ. "నాకు సంబురమైంది పంతులూ. తప్పిన జీవం మందల కలిసిందనుకున్న. మాపటిల జానయ్య అడిగిండు, పిల్లేదే అవ్వా అని. పెద్దమ్మ గుర్తు జెప్పింది, ఇచ్చిన అన్న. గాయన నెత్తి వట్టుకోని కూలవడ్డడు. భద్రమ్మ గడీ దాసే. గామె గూడ ఎన్కట ఆడపాపనే."

మరునాడు తానే పోయి మున్సిఫు ముందు చెప్పుకుంది. "మున్సిఫు దొర తిట్టలే. తిడితే జర నిద్రన్న వట్టేది."

మున్సిఫు జమేదారును గడీకి పంపాడు. అక్కడ పిల్ల లేదన్నారు. కల్వకుర్తి అవతల, దొరబిడ్డ అత్తగారి గడీకి బండిలో పంపేశారని గడీ చాకలామె గుర్వమ్మ చెవిలో వేసింది. కానీ ఆ మాట కచేరీలో చెప్పమంటే ఆమె రానంది. పిల్లను కళ్లారా చూసినవాళ్లు ఉంటేనే ఇంకో తాలూకా పోలీసులకు ఆర్డరు రాయగలనన్నాడు మున్సిఫు. వాయిదా ఇంకా పదకొండు రోజులుంది. పొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గొంగడి భుజాన వేసుకుని బయల్దేరింది.

మరునాటి పొద్దెక్కాక ఆ ఊరు చేరాం. నేను చావడి అరుగు మీద కూర్చున్నాను. ఆమె బొచ్చు అడుక్కునే నెపంతో గడీ దొడ్డి వాకిట్లోంచి లోపలికి పోయింది. చావడి ముందు ఇద్దరు ముసలివాళ్లు పులిజూదం ఆడుతున్నారు. ఒకడి పులిని మేకలు కట్టేస్తే రెండోవాడు, "మేకలు గూడ సంగంల చేరినయిరో!" అని తొడ చరిచాడు. నేను నవ్వాను గాని కళ్లు దొడ్డి వాకిలి మీదే ఉన్నాయి. చాలాసేపటికి ఆమె నెత్తిన బొచ్చుమూటతో వచ్చి, నన్ను ఎరగనట్టు పక్కనుంచి పోయింది. ఊరు దాటాక కలిశాను.

"ఉంది. పశులకొట్టంల పేడెత్తుతాంది. నన్ను సూసింది. నవ్వలే, ఏడ్వలే. గంప దించి మల్ల ఎత్తుకున్నది."

కల్వకుర్తిలో చాయ్ హోటల్ బల్ల మీద మున్సిఫుకు దరఖాస్తు రాశాను, నిఘంటువు రెండుసార్లు తిప్పి; కచేరీ భాష ఇంకా ఉర్దూనే. నాకు ఎటు పోయినా ఒకటే గనుక ఆమెతో వెనక్కి వచ్చాను. దరఖాస్తు చూసి మున్సిఫు కల్వకుర్తి పోలీసులకు ఆర్డరు పంపాడు. ఆరో రోజున పిల్లను పోలీసు బండిలో తెచ్చారు. ఈసారి మున్సిఫు పిల్లను గుర్వమ్మకు ఇవ్వలేదు, వాయిదా దాకా దవాఖానాలో నర్సు దగ్గర ఉంచాడు. గుర్వమ్మ జొన్నరొట్టె మూటగట్టుకుని పోయింది, వెనకే నేనూ పోయాను. పిల్ల రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, అడిగింది.

"అవ్వా, మల్ల ఎవరన్న అచ్చి అడిగితే ఇస్తవా?"

కోపంగా అడగలేదు. రేపు ఎండ కొడుతుందా అన్నట్టు అడిగింది. గుర్వమ్మ వాకిలి దిక్కు తిరిగింది. వాకిట్లో కాకి ఒకటి అరుస్తోంది, దాన్ని "హుష్" అంది. ఆ రాత్రి ఆమె కొట్టంలో దీపం పెట్టలేదు.

వాయిదా నాడు గడీ వకీలు బాగానే మాట్లాడాడు. అన్నం పెట్టి పెంచుకున్న పిల్ల అన్నాడు, కాపలా చేతగాని ఒక ఆడదాని చేతిలో పెట్టి కోర్టు ఒకసారి మోసపోయిందన్నాడు. రెండోమాట అబద్ధం కాదు. మున్సిఫు అందరినీ లోపలే ఉండమని, పిల్లను తీసుకుని వసారా మెట్టు మీద కూర్చున్నాడు. గుర్వమ్మను, జానయ్యను, తన ఉర్దూను తెలుగులో చెప్పే దుబాసి పనికి నన్ను రానిచ్చాడు. మెట్టు మీద కూర్చుంటే ఆయన ఎత్తు నిలబడ్డ పిల్ల ఎత్తుకు సరిపోయింది. అట్లా కూర్చోమని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పి ఉండదు.

ముందు కేసు అడగలేదు. రొట్టె ఇష్టమా బువ్వ ఇష్టమా అని అడిగాడు. తర్వాత వాతల సంగతి. పిల్ల చెప్పింది. అన్నీ విన్నాక అడిగాడు. "గడీకి పోవు. ఆ సంగతి నేను చూసుకుంటా. మరి ఎవరి తాన ఉంటవు బిడ్డా?"

"గీ అవ్వ తాన."

జానయ్య ముఖం విచ్చుకుంది. కాగితం కోసం అప్పుడే లోపలికి అడుగేశాడు.

"వద్దు దొరా," అంది గుర్వమ్మ.

మున్సిఫు ఆమెవైపు తిరిగాడు.

"నా తాన వద్దు. ఎవతన్న ఏడ్సుకుంట వాకిట్ల నిలవడితే నా చెయ్యి ఆగదు. ఇయ్యనని ఒట్టువెడ్త, మల్ల ఇస్త. నా పుట్టుకనే గసొంటిది. బిడ్డ అడిగిందానికి నేను జవాబు జెప్పలేకపోయిన."

"అవ్వా, పిల్లే నీ తాన ఉంటనంటాంది గదనే! పిచ్చిలేసిందా?" అన్నాడు జానయ్య.

"పిల్లకు నేనంటే పావురమే, ఇష్టమే. నమ్మకం లేదు. నువ్వు సప్పుడు జెయ్యకు జానయ్యా."

పిల్ల ఆమెను చూస్తూ ఉంది. మున్సిఫు నర్సును పిలిపించాడు. హైదరాబాదులో కొందరు ఆడవాళ్లు నడిపే అనాథల ఇల్లు ఉందని, పిల్ల అక్కడే ఉండి చదువుకుంటుందని, కోర్టు కాగితం లేనిదే ఎవరొచ్చినా ఇవ్వరని, నర్సే స్వయంగా దిగబెట్టి వస్తుందని చెప్పాడు. ఆ చివరి మాటను గుర్వమ్మ నాతో మళ్లీ చెప్పించుకుంది. "ఎవ్వరచ్చినా?" అంది. ఎవరొచ్చినా, అన్నాను.

పిల్లను అప్పగించినట్టు వేలిముద్ర వేసింది. సిరా వేలిని గోడకు తుడిచి, పిల్ల ముందు ఒక్క క్షణం నిలబడింది. భుజం మీది గొంగడి తీసి పిల్ల చేతుల మీద పెట్టింది. పిల్ల దాన్ని ఎత్తుకున్నది.

లోపల మున్సిఫు ఆర్డరు చెబుతున్నాడు. గడీ వకీలు అడ్డు చెబుతున్నాడు. నన్ను రెండు మాటలకు పిలిచారు. బయటికి వచ్చేసరికి వసారాలో పిల్లా నర్సే ఉన్నారు. ప్రహరీ పక్క కొట్టంలోకి చూశాను, కుండ బోర్లించి ఉంది, కదురు లేదు. రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆమె అప్పటికే బస్సుల అడ్డా దాటి, నందికొండ వైపు బాటలో పోతోంది. ఎండలో భుజాలు ఖాళీగా కనిపించాయి. గుర్వమ్మా అని పిలిచాను. విన్నదో లేదో గాని నడక మారలేదు.