ఓడకూ కొళాయికీ కుదిరిన ముహూర్తం

ఆ రోజుల్లో మా ఆదోనిలో నీళ్లు రెండే రకాలు: వచ్చిన నీళ్లు, రాబోయే నీళ్లు. మూడో రకం కూడా ఒకటుంటుందని, దాని మీద మనుషులు కాళ్లు చాపుకుని కూర్చుని ఊరికే తిరుగుతారని, అందుకు టికెట్టు కూడా కొంటారని ఊరికి చాటి చెప్పే భారం ఇరవై మూడేళ్ల నా భుజాల మీద పడింది. ఆదోనిలో ఓడ టికెట్లు అమ్మిన మొట్టమొదటి మనిషిని నేనే. (చివరివాణ్ణి కూడా నేనేనేమో, విచారించలేదు.) అప్పటికి నేను చూసిన మహాసముద్రం మాధవరం దగ్గర తుంగభద్ర ఒక్కటే. అదీ నడివేసవిలో, ప్యాంటు మడవకుండానే దాటేశాను.

మాది బెంగళూరు, హైదరాబాదు బస్సులకు టికెట్లు రాసే ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను. మా యజమాని ఒకసారి బొంబాయి పోయి, రంగురంగుల ఓడ బొమ్మల పుస్తకాలు ఒక సంచీడు మోసుకొచ్చాడు. వారం తిరక్కముందే ఊరు ఆయన అసలు పేరు మరిచిపోయి జహాజ్ భాయ్ అని పిలవసాగింది. (జహాజంటే ఓడ. ఆయన ఓడ ఎక్కింది లేదు, ఎక్కే ఉద్దేశమూ లేదు, కడుపులో తిప్పుతుందట.) మధ్యాహ్నాలు ఆయన నమాజుకు పోతే నేను ఆ పుస్తకాలు తెరుచుకుని కూర్చునేవాణ్ణి. నీలం నీళ్లు, తెల్ల ఓడ, ఓడ అంచున కుర్చీల్లో ఏ తొందరా లేని ఒక జంట. బయట జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు తేలి వచ్చి ఆ పేజీల మీద వాలేది. నేను దాన్ని ఊదేవాణ్ణి కాదు. కళ్లు సగం మూసి చూస్తే అది అచ్చం నురగ. అలా రోజుకు రెండు సముద్రాలు దాటి, బస్సు టికెట్టు కోసం వచ్చినవాడు బల్ల మీద కొడితే ఒడ్డున పడేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి మా మామ, అత్త వచ్చారు. మామంటే మా అమ్మకు అన్న. ముప్పై ఏళ్లు మగ్గం నేసి, మోకాళ్లు మొండికేస్తే ఆ మధ్యనే ఆపేశాడు. ఆయన నేసినన్నాళ్లూ అత్త పక్కన నూలు కండెలు చుట్టింది, వంట చేసింది, నీళ్లు మోసింది. ఆమె కూర్చుని ఉండగా చూసినవాడు మా వంశంలో లేడు. పెళ్లి ఫోటోలో కూడా లేవబోతున్నట్టే ఉంటుంది. ఆ అత్త జీవితంలో మొదటిసారి ఒక కోరిక కోరిందట. మామ ఆ సంగతి తలవంచుకుని, నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. అత్త మాత్రం నా కళ్లలోకి చూసి చెప్పింది:

"నాలుగు దినాలు నేను కూసోవాలప్పా. ఏ పనీ సేయకుండా. నేను కూసోనుంటే, నా కుర్సీనే అట్లా మెల్లగ పోతా ఉండాల. బస్సయితే మీ మామ మోకాళ్లు ఒప్పుకోవు. నీ తాన ఓడలుండాయంట కదా."

నా గుండె హారను కొట్టింది. అన్ని పుస్తకాలూ బల్ల మీద పరిచాను. మొదట సముద్రం: కొచ్చి నుంచి దీవులకు. వర్ణించాను. ఆ నీళ్ల నీలాన్ని, అలల మెత్తదనాన్ని, ఇక్కడి నుంచి అక్కడిదాకా నీళ్లే తప్ప ఏమీ లేకపోవడాన్ని నేను వర్ణిస్తుంటే ఫ్యాను కూడా ఆగి విన్నది. (కరెంటు పోయింది.) అంతా విని అత్త ఒకటే అడిగింది, ఆ నీళ్లు తీపా ఉప్పా అని. ఉప్పన్నాను. పుస్తకం మూసేసింది. "ఉప్పునీళ్లు మా బోరులో కావాల్సినన్ని ఉండాయి. అవి సూసేకి అంత దూరమెందుకు?" పడమటి తీరం వెంబడి పోయే ఓడ కూడా ఆ ఒక్క మాటతోనే మునిగింది. ఇక మిగిలింది కేరళ. కొబ్బరిచెట్ల మధ్య కాలవల్లో ఎనిమిదంటే ఎనిమిది గదుల చిన్న ఓడ, ఐదు రోజులు, మనిషి నడిచే వేగం. నీళ్లు తీపేనా అంటే, చెరుకురసం అన్నాను. అత్త ఆ బొమ్మ మీద వేలు పెట్టి, కాలవ వెంబడి పేజీ చివరిదాకా మెల్లగా జరిపింది. ఆ వేలు ఆగినచోట ఆమె మొహంలో ఒక నిద్ర లాంటిది కనిపించింది. కుదిరింది అనుకున్నాను.

అప్పుడు ఏ దినం ఎక్కాలని అడిగింది. చెప్పాను. వేళ్లు మడిచి లెక్కపెట్టి, నీరుగారిపోయింది. నడుమ కొళాయి వస్తుంది.

వేసవిలో వాళ్ల వీధికి నీళ్లు నాలుగు రోజులకో ఐదు రోజులకో వచ్చేవి. ఆ రోజు ఇంట్లో మనిషి లేకపోతే పెళ్లిలో పెళ్లికూతురు లేనట్టే. పక్కింటివాళ్లను అడగొచ్చు కదా అని, అప్పుడే నమాజు నుంచి తిరిగొచ్చిన జహాజ్ భాయ్ అమాయకంగా అన్నాడు. అత్త ఆయన్ని జాలిగా చూసింది. కొళాయి దగ్గర ఎవరి బిందె వాళ్లదే. ఆ గంటలో తల్లీ కూతుళ్లు కూడా చుట్టాలు కారు. దాంతో నేను గళ్ల కాగితం తీసి, ఓడ రోజులు నీలంతో, నీళ్ల రోజులు ఎర్రసిరాతో గుర్తుపెట్టాను. తిరిగే రైలు, ఒక రోజు అటూ ఇటూ జరిగే కొళాయి బుద్ధి, అన్నీ కలిపి సాయంత్రందాకా గుణించాను. జాతకాలు కలిపే సిద్ధాంతి కూడా అంత చెమటోడ్చి ఉండడు. కలవలేదు. నీళ్ల మీద తిరిగి రావడానికి నీళ్లు అడ్డం. వానలు పడ్డాక చూద్దాంలెమ్మని మామ లేచాడు. ప్రతిసారీ ఏదో ఒకదాని తర్వాత చూద్దామనుకుంటూనే వాళ్లకు ముప్పై ఏళ్లు గడిచాయని నాకు తెలుసు. అత్త ఆ కేరళ పేజీని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, "ఇది తీసుకపోతాలేప్పా, గోడకు అంటిస్తా" అంది.

"నేను పడతాలే అత్తా నీళ్లు" అని ఎవరో అన్నారు. చూస్తే నేనే.

"నీకు సేతనవుతాదా?" అంది. ఆమె మొహంలో ఆశ, అపనమ్మకం రెండూ బిందెలెత్తి తన్నుకుంటున్నాయి. "సేతగాకుంటే ఒక్క ఫోను కొట్టు. నడమ దిగి వచ్చేస్తాం."

ఓడ ప్లాను అర పేజీ. అత్త చెప్పిన నీళ్ల ప్లాను నాలుగు పేజీలు. మొదటి రెండు బిందెలు తుక్కు, పారబోయాలి. తాగే నీళ్లు పాత పంచెతో వడగట్టాలి. కడవలయ్యాక పైపు తొట్టికి మార్చాలి. ఎదురింటామె మాటల్లో పెడుతుంది, పడకూడదు. వాళ్లను ఆదోనిలో రైలెక్కించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని నేను ఎమ్మిగనూరు చేరాను.

మూడు రోజులు ఆ ఇంట్లో కొళాయి దగ్గుతుందేమోనని చెవి ఒగ్గి పడుకున్నాను. నేసేవాళ్ల ఇల్లు కదా, నట్టింట్లో మగ్గం గుంత, నేసేటప్పుడు కాళ్లు దించుకునేది, ఖాళీగా ఉంది. పెంకుల సందుల నుంచి ఎండ గీతలుగా దిగి నేల మీద మెల్లగా జరిగేది. నేనూ దానితో పాటు కాలవ మీద పోయేవాణ్ణి. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం నీళ్లొచ్చాయి. బనీను తిరగేసి వేసుకుని పరుగెత్తాను. వీధి వీధంతా చూస్తోంది. ఎదురింటామె నడుమున బిందె పెట్టుకుని, "ఎవురింటి కొత్తకోడలప్పా నువ్వు? నెత్తిన కొంగన్నా కప్పుకో" అంది. కొత్తకోడలికి ఉండవలసిన సిగ్గంతా పడి, తలెత్తకుండా కడవలన్నీ నింపాను. ఇక తొట్టి ఒక్కటే. పైపు నట్టింటి మీదుగా లాగి అందులో పడేశానో లేదో, ఫోను మోగింది. అత్త.

గుంత అంచున కూలబడి ఎత్తాను. వెనక ఇంజను చప్పుడు, ఏదో పక్షి. "చెట్లు నడిసిపోతాండాయిరా" అంది అత్త. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. పడుకున్న మనిషి గొంతు. మామ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడట. నీళ్లు నోట్లో పోసుకుని చూసిందట, ఉప్పగానే ఉన్నాయట, చెరుకురసం అన్న నా సంగతి వచ్చాక చూస్తుందట. తెల్లారి నుంచి లేవనేలేదట. ఒడ్డున ఎవరో ఒకామె బట్టలుతుకుతూ చెయ్యి ఊపితే తనూ ఊపిందట, ఊపి ఊరకే ఉందట. నేను కళ్లు మూసుకున్నాను. కాళ్లకు చల్లగా తగిలింది. కేరళ ఇంత దగ్గరా అనుకున్నాను. ఇంకాసేపటికి మోకాళ్లదాకా చల్లగా తగిలింది.

కళ్లు తెరిచాను. పైపు తొట్టిలోంచి జారి గుంతలో పడి, గుంత నిండి, నేను ఓడరేవులో కాళ్లు వేలాడేసుకున్నట్టు కూర్చుని ఉన్నాను. అదే క్షణాన కొళాయి ఆగిపోయింది.

"నీళ్లొచ్చినాయా నాయనా?" అంది అత్త, ఉన్నట్టుండి పాత గొంతుతో. కుర్చీ కిర్రుమంది. లేవబోతోంది.

"వచ్చినాయత్తా."

"తొట్టి నిండిందా?"

గుంతలో నా మొహం తేలుతోంది. "అంచుదాకా నిండింది. నువ్వు కూసో" అన్నాను. కుర్చీ మళ్లీ కిర్రుమంది, ఈసారి మెత్తగా.

ఆ గుంతను బిందెతో తోడి, పంచెతో వడగట్టి, తొట్టికి చేర్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. నా లెక్కలో నూట అరవై బిందెలు. (నలభై అని ఎదురింటామె వాదన.) అత్తావాళ్లు వచ్చాక కాళ్లకు నీళ్లిచ్చాను. అత్త చెంబు ముక్కు దగ్గర పెట్టుకుంది. "గంజి వాసనొస్తాందే" అంది. ముప్పై ఏళ్ల నూలు గంజి ఆ గుంతలో ఇంకి ఉంది మరి. నట్టింటి తడి మట్టిని చూసింది, పట్టేసిన నా నడుమును చూసింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. మామూలుగా అయితే ఆ అత్త కొంగు దోపి, తొట్టి బోర్లించి తోమడానికి లేచేది. లేవలేదు. గడప మీద వెనక్కి ఆనుకుని, కాళ్లు బార్లా చాపి, "ఇంకో సెంబు తేప్పా" అంది.

ఇప్పుడు నాకు నలభై. ఓడ ఇంకా ఎక్కలేదు. ఎవరైనా జంట వచ్చి హాయిగా ఉండే ప్రయాణం ఏదని అడిగితే, ఎక్కడికి పోతారని అడగడానికి ముందు ఇంట్లో ఎవరుంటారని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు ఆలోచనలో పడతారు. ఒక్కోసారి మధ్యాహ్నం కునుకులో మాత్రం, బనీను తిరగేసుకుని నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఫోను పట్టుకున్న ఆ బక్కవాడు కనిపిస్తాడు. పైపు జారుతోందని నాకు తెలుసు. చెప్పను. ఇంకో పది నిమిషాలు పోనీలే అనుకుంటాను.